సమజాతావయవములు: అమ్రాబాదు అడవి నేర్పు పాఠము

వేసవికాలమున నల్లమల అడవిలోని కుంటలు ఒక్కొక్కటిగా ఎండిపోవును. నీరు మిగిలియున్న చోటికి రాత్రివేళ జంతువులన్నియు వచ్చి దప్పిక తీర్చుకొని పోవును. తెల్లవారిన పిమ్మట ఆ కుంట యొడ్డున బురదను పరిశీలించినచో ఎన్నియో అడుగుజాడలు కానవచ్చును. అమ్రాబాదు పీఠభూమిపై పెంటలలో నివసించు చెంచులు ఆ జాడలను చదువుటలో మిక్కిలి నేర్పరులు. ఏ జంతువు వచ్చినది, ఎటు పోయినది, ఎంతసేపటి క్రిందట పోయినది అను సంగతులను వారు జాడను చూచి చెప్పగలరు.

మనము కూడ ఆ బురదయొద్ద కొంచెము సేపు నిలిచి మూడు జాడలను మాత్రము చూతము. ఒకటి ఎలుగుబంటి వెనుకకాలి జాడ. అందు మడమ, అరికాలు, ఐదు వ్రేళ్ళు కనిపించును. తొలిచూపునకు అది మనుష్యుని పాదము వలెనే తోచును. రెండవది పులి జాడ. అందు మడమ గుర్తు లేదు. నాలుగు వ్రేళ్ళ గుర్తులు, వాని వెనుక ఒక మెత్త గుర్తు మాత్రమే కలవు. మూడవది దుప్పి జాడ. అందు వ్రేళ్ళును లేవు, అరికాలును లేదు. నడుమ చీలిన రెండు గిట్టల గుర్తులు మాత్రమే యున్నవి.

ఈ మూడు పాదములును వేర్వేరు వస్తువులా? లేక ఒకే వస్తువు మూడు రూపములు దాల్చినదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై జీవశాస్త్రజ్ఞులు ఒక పదమును ఏర్పరచుకొనిరి. ఆ పదము యొక్క అర్థమును, దానివలన గ్రామవాసులకు కలుగు ప్రయోజనమును ఈ వ్యాసమున వివరింతుము.

పదము యొక్క అర్థము

ఎలుగు పాదము మొత్తము నేలపై మోపి నడచును. పులి మడమను పైకెత్తి వ్రేళ్ళపై నడచును. దుప్పి మరికొంత పైకి లేచి వ్రేళ్ళ చివరనున్న గోళ్ళపై నడచును. మన ఇంటి ఆవు కూడ అట్లే నడచును. ఆవు గిట్టలు రెండును మన చేతిలోని నడిమి వ్రేలికిని, ఉంగరపు వ్రేలికిని గల గోళ్ళకు సరియైనవి. గిట్టలకు వెనుక, కొంచెము పైగా వ్రేలాడుచుండు రెండు చిన్న గిట్టలు చూపుడు వ్రేలికిని, చిటికెన వ్రేలికిని సరియైనవి. బొటనవ్రేలు మాత్రము ఆవునకు లేదు. ఆవు ముందుకాలి నడుమనున్న కీలును మనము మోకాలు అని పిలుతుము. కాని నిజమునకు అది మణికట్టు. వెనుకకాలిలో వెనుకకు పొడుచుకొని వచ్చిన కీలు మడమ. మణికట్టునకును గిట్టలకును నడుమనున్న పొడుగైన ఒంటి ఎముక, మన అరచేతిలోని రెండు ఎముకలు కలిసి ఒకటిగా ఏర్పడినట్టిది.

ఈ విధముగా వేర్వేరు జీవులయందు, రూపమునను ఉపయోగమునను భిన్నములైయున్నను, మూలమున ఒకటియే యైన అవయవములను సమజాతావయవములు అందురు. 'సమ' యనగా ఒకటే యైన, 'జాత' యనగా పుట్టిన అని యర్థము. పాఠ్యగ్రంథములలో దీనిని నిర్మాణసామ్యము అనియు వ్యవహరింతురు. ఇంగ్లీషులో దీనికి హోమోలజీ యని పేరు. ఆ మాట గ్రీకు భాషనుండి వచ్చినది.

ఇందుకు ప్రతిగా మరియొక పదము కలదు. చేయు పని ఒకటే యైనను మూలము వేరైన అవయవములను క్రియాసామ్యావయవములు అందురు. తూనీగ రెక్కయు, గబ్బిలపు రెక్కయు ఇందుకు ఉదాహరణములు. రెండును ఎగురుటకే ఉపయోగించును. కాని గబ్బిలపు రెక్కలో చేతి ఎముకలు కలవు. తూనీగ రెక్కలో ఎముక యన్నదియే లేదు.

ఈ భావము ఎట్లు పుట్టినది?

1555లో ఫ్రాన్సు దేశమునందు పియరు బెలాన్ అను పండితుడు పక్షులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు మనుష్యుని అస్థిపంజరమును, పక్షి అస్థిపంజరమును ప్రక్కప్రక్కన చిత్రించి, ఏ ఎముకకు ఏ ఎముక సరియో అక్షరములతో గుర్తులు పెట్టెను. ఆనాటికి ఈ పోలికకు కారణమేమో ఎవరును ఎరుగరు. 1843లో రిచర్డ్ ఓవెన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు సమజాతము, క్రియాసామ్యము అను రెండు భావములను వేరుచేసి, వానికి స్పష్టమైన నిర్వచనములు ఇచ్చెను. ఓవెను దృష్టిలో ఇవన్నియు ఒక మూలనమూనాకు రూపాంతరములు.

1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథమున ఇందుకు వేరొక కారణము చూపెను. ఈ జీవులన్నిటికిని పూర్వికుడు ఒక్కడే. ఆ పూర్వికుని అవయవమే తరతరములుగా సంతతికి సంక్రమించి, వారి వారి జీవనవిధానమునకు తగినట్లు మార్పు చెందినది. అందుచేతనే రూపములు వేరైనను లోపలి కట్టడి ఒకటిగా నున్నది. ఒక తాత ఇల్లు నలుగురు మనుమలకు పంపకమైనప్పుడు ఒకరు అరుగును గదిగా మార్చుకొందురు, ఒకరు పెరటిలో కొట్టము వేయుదురు. కాని పునాది గోడలను చూచినవారికి అది ఒకే ఇల్లని తెలియును. సమజాతావయవముల సంగతియు అట్టిదే.

ఎట్లు గుర్తింపవలెను?

కేవలము పైకి కనబడు పోలికను నమ్మరాదు. శాస్త్రజ్ఞులు ముఖ్యముగా నాలుగు విషయములను పరిశీలింతురు.

మొదటిది స్థానము. ఆ అవయవము ఇరుగుపొరుగు అవయవములతో ఏ వరుసలో కూడియున్నదో చూడవలెను. భుజమునుండి ఒక ఎముక, దాని తరువాత రెండు ఎముకలు, పిదప మణికట్టులోని చిన్న ఎముకలు, ఆ పిమ్మట వ్రేళ్ళు అను వరుస మన చేతిలోను, పులి ముందుకాలిలోను, గబ్బిలపు రెక్కలోను ఒక్కటే. కొన్ని చోట్ల ఎముకలు కలిసిపోయియుండును, కొన్ని లోపించియుండును. వరుస మాత్రము తప్పదు.

రెండవది సూక్ష్మనిర్మాణము. అది దేనితో చేయబడినది, లోపల ఎట్లున్నది అని పరిశీలింపవలెను.

మూడవది పుట్టుక. పిండదశలో అది దేనినుండి మొలచినది, నడిమి రూపములు ఏవైన కలవా అని విచారింపవలెను. గుఱ్ఱము నేడు ఒక్క వ్రేలిపై నడచును. కాని దాని పూర్వికులలో అనేక వ్రేళ్ళు గలవి యుండినట్లు శిలాజములు తెలుపుచున్నవి. నేటి గుఱ్ఱపు కాలిలోను ఆ ప్రక్కవ్రేళ్ళకు చెందిన సన్నని ఎముకలు రెండు మిగిలియున్నవి.

నాలుగవది సాక్ష్యముల పొందిక. ఒక్క అవయవమును చూచి బంధుత్వము నిర్ణయించి, ఆ బంధుత్వమును చూపి ఆ అవయవము సమజాతమని చెప్పినచో అది గానుగెద్దు తిరిగినట్లగును. కావున అనేక అవయవములను, నేటి కాలమున జన్యువులను కూడ కలిపి చూచి, అన్నియు ఒకే మాట చెప్పుచున్నవా యని సరిచూడవలెను.

ఒకే రెక్కను గూర్చి రెండు మాటలు

గబ్బిలపు రెక్కయు పిట్ట రెక్కయు సమజాతములా? ఈ ప్రశ్న విద్యార్థులను తరచుగా తికమక పెట్టును. గబ్బిలమునకు నాలుగు వ్రేళ్ళు గొడుగు కమ్ముల వలె పొడుగుగా సాగి, వాని నడుమ పలుచని చర్మము పరచుకొని యుండును. బొటనవ్రేలు మాత్రము విడిగా, కొక్కెము వలె మిగిలినది. పిట్ట రెక్కలో వ్రేళ్ళు మూడే, అవియు చాలవరకు కలిసిపోయినవి. ఎగురుటకు ఆధారము ఈకలు. ముందుకాళ్ళుగా చూచినచో ఈ రెండును సమజాతములే, ఏలయన రెండింటి పూర్వికునకును ముందుకాళ్ళు కలవు. రెక్కలుగా చూచినచో సమజాతములు కావు, ఏలయన ఆ పూర్వికునకు రెక్కలు లేవు. గబ్బిలములు వేరుగాను, పక్షులు వేరుగాను ఎగురుట నేర్చినవి. కావున సమజాతమని చెప్పునప్పుడు, ఏ విధముగా సమజాతమో కూడ చెప్పవలెను.

నల్లమలలో రాత్రివేళ చెట్టునుండి చెట్టునకు జారుచు పోవు ఎగిరెడు ఉడుత కూడ కలదు. దానికి వ్రేళ్ళు సాగలేదు. ముందుకాలికిని వెనుకకాలికిని నడుమ చర్మము మాత్రము పరచుకొన్నది. గాలిలో సాగుట అను ఒకే పనికి ప్రకృతి ఎన్ని వేర్వేరు ఉపాయములు పన్నినదో ఇందువలన తెలియుచున్నది.

మునుపటి పని లేకున్నను మిగిలిన అవయవములును కొన్ని కలవు. వీనిని అవశేషావయవములు అందురు. కొండచిలువ తోక మొదట, ఇరుప్రక్కల రెండు చిన్న ముండ్లవంటివి కనిపించును. అవి ఒకప్పటి వెనుకకాళ్ళ అవశేషములు. మన వెన్నెముక కొననున్న చిన్న ఎముకయు తోక యొక్క అవశేషమే.

అలుగును గూర్చిన పొరపాటు

ఇప్పుడు ఈ పదము ఎంత యవసరమో చూపునట్టి సంగతి యొకటి చెప్పవలసియున్నది. మన అడవులలో అలుగు అను జంతువు కలదు. ఇది చెరువు అలుగు కాదు. ఒడలంతయు పొలుసులతో నుండి, భయము కలిగినప్పుడు బంతి వలె చుట్టుకొను సాధుజంతువు. పొలుసులను చూచి కొందరు దీనిని చేప జాతిదనియు, కొందరు బల్లి జాతిదనియు తలంతురు. ఆ పొలుసులలో ఏదో యద్భుతమైన ఔషధశక్తి యున్నదని నమ్మి, దానిని చంపి అమ్ముకొను దురాచారము కూడ కలదు.

సమజాత పరీక్ష జరిపి చూతము. చేప పొలుసు చర్మపు లోపొరలో పుట్టునట్టిది, ఎముకకు చేరువైన పదార్థము. అలుగు పొలుసు చర్మపు పైపొరనుండి పుట్టినది. అది కెరాటిన్ అను పదార్థముతో చేయబడినది. మన గోరు, వెంట్రుక, ఆవు గిట్ట, ఆవు కొమ్ముపై నుండు తొడుగు అన్నియు ఆ కెరాటినే. కావున చేప పొలుసును అలుగు పొలుసును పోలినవే కాని సమజాతములు కావు. అలుగు తన పిల్లకు పాలిచ్చి పెంచును. అది క్షీరదము, అనగా ఆవువలె, మనవలె పాలిచ్చు జంతువు.

అలుగు బంధువులెవ్వరు? దానికి పండ్లు లేవు. పొడుగైన నాలుకతో చీమలను చెదలను తినును. దక్షిణ అమెరికా ఖండములో పండ్లు లేని చీమతిండి జంతువు ఒకటి కలదు. ఈ పోలికను చూచి పూర్వము శాస్త్రజ్ఞులే ఈ రెండింటిని ఒక వర్గములో చేర్చిరి. జన్యువులను పరిశీలించిన పిమ్మట ఆ లెక్క తప్పని తేలినది. అలుగునకు దగ్గరి చుట్టములు పులి, ఎలుగు, కుక్క మొదలగు మాంసాహార జంతువులు! పండ్లు లేకపోవుట ఒకే రకపు తిండివలన వేర్వేరుగా కలిగిన మార్పు. మన ఎలుగుబంటియు చెదలను పీల్చి తినునట్టిదే. దానికిని పై దవడలో ముందు పండ్లు రెండు లేవు.

అలుగు పొలుసు మందని కొనువాడు గోటితునకలను కొనుచున్నవాడే. ఆ గోటితునకలకై ఏటికి సాధారణముగా ఒక్క పిల్లనే కను జంతువు బలియగుచున్నది. చెదలను తినుటచేత అది రైతునకు మిత్రము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో అలుగు మొదటి షెడ్యూలునందు చేర్చబడియున్నది. దానిని చంపుట, అమ్ముట నేరము. అట్టి నేరమునకు మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్లవరకు కారాగార శిక్ష కలదు. ఎనిమిది జాతుల అలుగులలో ఏ ఒక్కదానితోను వర్తకము చేయరాదని 2016లో ప్రపంచదేశములు తీర్మానించినవి.

పశుపోషకునకు ప్రయోజనము

అమ్రాబాదు ప్రాంతము తూర్పుపొడ జాతి పశువులకు పుట్టినిల్లు. పొడ యనగా మచ్చ. మచ్చలుగల ఈ పశువులు అడవి మేతతో, కొండనేలలో గట్టిగా పనిచేయును. 2020లో ఇవి ప్రత్యేక జాతిగా జాతీయస్థాయిలో నమోదైనవి. ఈ పశువులు మేయు అడవిలోనే దుప్పులు, కణితులు, అడవిపందులు మేయుచుండును. వీనికన్నిటికిని చీలిన గిట్టలే. ఈ గిట్టలన్నియు సమజాతములు. అనగా ఈ జంతువులన్నియు ఒకే కుదురునకు చెందినవి.

ఇందువలన వచ్చు ప్రమాదము గమనింపదగినది. గాలికుంటు వ్యాధి ముఖ్యముగా చీలిన గిట్టలు గల జంతువులకే సోకును. ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకలు, పందులు, దుప్పులు దీనికి లోనగును. గుఱ్ఱమునకును గాడిదకును ఇది సోకదు. వ్యాధికి కారణము గిట్ట చీలియుండుట కాదు. చీలిన గిట్ట బంధుత్వమునకు గుర్తు, ఆ బంధుత్వముతో దేహతత్త్వమునందలి పోలికయు వచ్చును, ఆ పోలికవలన ఒక జంతువును పట్టిన సూక్ష్మజీవి దాని చుట్టములను కూడ పట్టగలదు. వెనుకటి కాలమున పశువులను మందలుగా హతమార్చిన రిండర్‌పెస్టు రోగము సైతము గేదెలు, ఆవులతోపాటు అడవిలోని చీలిన గిట్టల జంతువులను చంపెడిది. దానిని ప్రపంచమునుండి నిర్మూలించినట్లు 2011లో ప్రకటించిరి. టీకాలే అందుకు ముఖ్యసాధనము.

2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో గాలికుంటు టీకాలు చేర్చబడినవి. ఆవులకు, గేదెలకు ఆరునెలలకొకసారి టీకా వేయించవలెను. నోట చొంగ, నాలుకపైనను గిట్టల నడుమను పుండ్లు కనిపించిన పశువును అడవి మేతకు, ఊరుమ్మడి నీటికుంటకు తోలరాదు. వెంటనే పశువైద్యునకు తెలుపవలెను. తన పశువునకు టీకా వేయించిన రైతు తన మందను, పొరుగువాని మందను, అడవిలోని దుప్పిని కూడ కాపాడినవాడగును. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్న అమ్రాబాదు పులుల అభయారణ్యములో పులి బ్రతుకు దుప్పిపై ఆధారపడియున్నది కదా!

చెట్టుచేమలయందు

ఈ నియమము మొక్కలకును వర్తించును. మన కంచెలలోని ముండ్లను చూడుడు. దానిమ్మ ముల్లు కొమ్మ యొక్క రూపాంతరము. నాగజెముడు ముల్లు ఆకు యొక్క రూపాంతరము. అందు ఆకువలె కనిపించు పచ్చని దళసరి రెబ్బ నిజమునకు కాండము. రేగు ముల్లు ఆకు మొదట నుండు చిన్న పుచ్ఛము యొక్క రూపాంతరము. గులాబీ ముల్లు కేవలము పైచర్మపు పొడుపు, కావుననే వ్రేలితో నొక్కిన విరిగి వచ్చును. నాల్గింటి పనియు ఒక్కటే, నాల్గింటి మూలములు వేరు.

దుంపలయందును ఇట్టి భేదము కలదు. చిలగడదుంప వేరు. ఆలుగడ్డ, అల్లము, పసుపు అనునవి భూమిలో పెరుగు కాండములు. కాండమునకు కణుపులు, మొగ్గలు ఉండును. ఆలుగడ్డ కన్ను అనునది అట్టి మొగ్గయే. అందుచేత ఆలుగడ్డను కోసి నాటునప్పుడు ప్రతి ముక్కకును కన్ను ఉండవలెను. పసుపు కొమ్మునకు మొగ్గ చెడకుండ చూచుకొనవలెను. చిలగడదుంపకు కణుపులు లేవు గనుక సాధారణముగా తీగముక్కలను నాటుదురు. అవయవము పేరు సరిగా తెలిసిన రైతు విత్తనపు ముక్కను వృథా చేయడు.

నేటి పరిశోధనలు

1995లో స్విట్జర్లాండు దేశమందలి బాజెల్ నగరమున వాల్టర్ గేరింగ్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఒక వింత ప్రయోగము జరిగినది. ఎలుకలో కన్ను ఏర్పడుటకు మూలమైన జన్యువును ఈగ దేహములో పనిచేయించిరి. దాని ప్రభావమున ఈగ కాళ్ళపైనను రెక్కలపైనను కూడ కన్నులు ఏర్పడినవి. అయితే అవి ఎలుక కన్నులు కావు, ఈగ కన్నులే. ఎలుక కన్నును ఈగ కన్నును నిర్మాణమున వేర్వేరు. కాని కన్ను కట్టుమని ఆజ్ఞ యిచ్చు జన్యువు రెండింటియందును ఒకే పూర్వికునినుండి వచ్చినది. అవయవములు సమజాతములు కాకున్నను జన్యువులు సమజాతములు కావచ్చునని ఇందువలన తేలినది. అందుచేత ఏ మెట్టున పోల్చుచున్నామో స్పష్టముగా చెప్పుట నేటి శాస్త్రమునకు మరింత యవసరమైనది.

పాఠశాలలలో చేయదగిన పని

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ చిన్న పనులను చేయింపవచ్చును. ఆవు ముందుకాలిని దూరమునుండి చూచి బొమ్మ గీసి, భుజము, మోచేయి, మణికట్టు, గోరు ఎక్కడెక్కడ నున్నవో గుర్తింపవలెను. ఊరి కంచెలలోని ముండ్లను తెచ్చి, ఏది కొమ్మ, ఏది ఆకు, ఏది పైచర్మము అని వేరుచేయవలెను. అల్లము, చిలగడదుంపలను ప్రక్కప్రక్కన నుంచి కణుపులను వెదకవలెను. కుంటయొడ్డున కుక్క, మేక, కోడి జాడలను చూచి, ఏది వ్రేళ్ళపై నడచినదో, ఏది గోళ్ళపై నడచినదో తెలిసికొనవలెను. అడవి జాడలను గూర్చి పెంటలలోని పెద్దలను అడిగినచో వారు పుస్తకములలో దొరకని సంగతులు ఎన్నియో చెప్పగలరు.

పైకి ఒకటిగా కనిపించునవి లోపల వేరు కావచ్చును. పైకి వేరుగా కనిపించునవి లోపల ఒకటే కావచ్చును. దుప్పి గిట్టయు, పులి పంజాయు, మన చేయియు ఒకే మూలమునుండి వచ్చినవని తెలిసినవాడు అడవిని పరాయిదిగా చూడజాలడు. చుట్టరికము తెలిసిన చోట బాధ్యతయు తెలియును.